రోజూ రప్పించాలా, పని పడినప్పుడు గుర్తుకు రావాలా? మీ యాప్‌కి ఏ పద్ధతి నప్పుతుందో తేల్చుకోవడం ఎలా

యాప్ బయటికొచ్చి, ఇన్‌స్టాల్స్ కాస్త కనిపించడం మొదలవగానే టీమ్‌లో ఒకటే చర్చ. వచ్చినవాళ్ళు మళ్ళీ రావడం లేదు, ఏం చేద్దాం? ఒకరు స్ట్రీక్ (వరసగా ఎన్ని రోజులు వచ్చారో చూపించే లెక్క) పెడదామంటారు. ఇంకొకరు కాయిన్స్ అంటారు. మార్కెటింగ్ చూసేవాళ్ళు రోజుకి రెండు నోటిఫికేషన్లు కొడితే సరి అంటారు. ముగ్గురూ ఏదో ఒక పెద్ద యాప్‌ని చూపించే మాట్లాడతారు. అక్కడ అది పనిచేసిన మాట నిజమే. మీ దగ్గర పనిచేస్తుందా అన్నది వేరే లెక్క.

ఆ లెక్క ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టాలి. మీరు తీర్చే అవసరం మనిషికి ఎన్నాళ్ళకోసారి వస్తుంది?

పంచాంగం చూసేవాళ్ళకి అది రోజూ పొద్దున్నే పని. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం రోజూ మారతాయి కాబట్టి పంచాంగం యాప్ ఎవరినీ బతిమాలక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2019లో తెచ్చిన మేఘదూత్‌లో రైతులకి వాతావరణాన్ని బట్టి సాగు సలహాలు మంగళవారం, శుక్రవారం మారతాయి. దాని లయ వారానికి రెండుసార్లు. కరెంటు బిల్లు నెలకోసారి. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా కూడా నెలకోసారే విడుదలవుతుంది. ఆ పొద్దున ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళని ఏ నోటిఫికేషనూ కూర్చోబెట్టలేదు, తేదీ వాళ్ళే రాసిపెట్టుకున్నారు. ఇక సంక్రాంతికి ఊరెళ్ళే బస్సు టికెట్ ఏడాదికోసారి, మహా అయితే దసరాకి ఇంకోసారి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కింద చెప్పబోయే పద్ధతుల్లో ఏదీ తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అవసరం లయకి సరిపోయిన పద్ధతి పనిచేస్తుంది. నెలకోసారి పని ఉన్న యాప్‌కి రోజువారీ ఎర తగిలిస్తే యూజరు రోజూ రాడు. విసిగి యాప్ తీసేస్తాడు. తర్వాత ఆ నెలకోసారీ రాడు.

స్ట్రీక్ పెట్టాలా, రోజుకొక్కటే ఇచ్చి ఆపాలా?

రోజువారీ అలవాటు అనగానే అందరూ చూపించేవి రెండు: డ్యువోలింగో, పదం కనిపెట్టే ఆట వర్డిల్. రెండూ రోజూ రప్పించేవే, కానీ వాటి వెనకున్న ఆలోచనలు పూర్తిగా వేరు.

డ్యువోలింగో 2012లో జనంలోకి వచ్చిన భాషల యాప్. భాష నేర్చుకోవడంలో ఒక చిక్కుంది. నేర్చుకోవాలని మనసులో ఉంటుంది, కానీ ఈరోజే నేర్చుకోవాల్సిన అగత్యం ఉండదు. "రేపు చూద్దాంలే" అన్నా మునిగిపోయేదేమీ లేదు. స్ట్రీక్ ఆ ఖాళీని నింపుతుంది: వరసగా ఇన్ని రోజులు వచ్చావు, ఇవాళ రాకపోతే లెక్క సున్నా. రేపటికి వాయిదా వేయడానికి ఇప్పుడో ఖరీదు వచ్చింది. అంటే స్ట్రీక్ నప్పేది మనిషి తనకి తానే చేయాలనుకుంటూ వాయిదా వేసే పనులకి. భాష, వ్యాయామం, సంగీత సాధన, రోజుకో పేజీ చదవడం, ఇలాంటివి. కరెంటు బిల్లుకి స్ట్రీక్ ఏమిటి? నవ్వులాటగా అనిపించినా, రోజూ తెరిస్తే పాయింట్లు అంటూ బిల్లులు కట్టే యాప్‌లు ఇలాంటివి పెడుతూనే ఉంటాయి.

స్ట్రీక్‌ని అనుకరించేవాళ్ళు పైకి కనిపించే నిప్పు బొమ్మనీ అంకెనీ తీసుకెళ్తారు, దాని చుట్టూ ఉన్న సర్దుబాట్లని వదిలేస్తారు. అసలు పనితనమంతా ఆ సర్దుబాట్లలోనే ఉంది. డ్యువోలింగోలో ఒక్క పాఠం పూర్తి చేస్తే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. పావుగంట కూర్చోవాలన్న షరతు లేదు. ఒక రోజు తప్పినా లెక్క తెగకుండా కాపాడే స్ట్రీక్ ఫ్రీజ్ ఉంది. ఇది దయ కాదు, లెక్కే. రెండు వందల రోజుల స్ట్రీక్ జ్వరమొచ్చిన ఒక్క రోజుతో పోయిన మనిషి మర్నాడు ఒకటి నుంచి మొదలుపెట్టాలంటే చేతులు రావు. చాలామంది అక్కడే ఆగిపోతారు. అందుకని ఎంత పొడుగు స్ట్రీక్ అయితే తెగినప్పుడు అంత పెద్ద నష్టం, యూజరుకీ మీకూ. తెగే రోజుకి ఏం చేయాలో ముందే అనుకోకుండా స్ట్రీక్ మొదలుపెట్టకండి.

ఇంకో లోపం కూడా ఉంది, దీన్ని సర్దడం కష్టం. స్ట్రీక్ లెక్కపెట్టేది రాకని, నేర్చుకున్నదాన్ని కాదు. రాత్రి పదకొండు యాభైకి అన్నిటికంటే తేలిక పాఠం ఒకటి లాగించేసి పడుకునేవాళ్ళు ఉంటారు. మీ డాష్‌బోర్డులో వాళ్ళు బంగారం లాంటి యూజర్లు. ఏడాది తర్వాత ఆ భాషలో నాలుగు ముక్కలు మాట్లాడలేకపోతే మాత్రం ఎవరికీ మీ యాప్ గురించి మంచిగా చెప్పరు.

వర్డిల్ దీనికి తలకిందులు. జోష్ వార్డిల్ దాన్ని 2021 అక్టోబరులో బయటపెట్టాడు. అప్పట్లో అది యాప్ కాదు, మామూలు వెబ్ పేజీ. లాగిన్ లేదు, నోటిఫికేషన్ లేదు, ప్రకటన లేదు. రోజుకి ఒక్క పదం, ఆరు ప్రయత్నాలు, అయిపోయింది. ఇంకోటి ఆడాలన్నా దొరికేది కాదు. 2021 నవంబరు 1న ఆడినవాళ్ళు 90 మంది. 2022 జనవరి 2న మూడు లక్షలు. ఆ జనవరి నెలాఖరుకి న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. మధ్యలో, డిసెంబరులో, ఒక చిన్న చేర్పు జరిగింది: జవాబు బయటపడకుండా ఫలితాన్ని ఆకుపచ్చ (అక్షరం సరైన చోట పడితే), పసుపు (అక్షరం ఉండి చోటు తప్పితే) గళ్ళుగా పంచుకునే ఏర్పాటు. లోకమంతటికీ ఆ రోజు ఒకటే పదం కాబట్టి ఆ గళ్ళు చూడగానే అవతలివాడు ఎన్నో ప్రయత్నంలో పట్టాడో తెలుస్తుంది. నోటిఫికేషన్ చేయాల్సిన పని స్నేహితులు చేసిపెట్టారు.

తెలుగులో ఇలాంటిది చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లీషు లెక్కన గడికో అక్షరం అనుకుంటే మనకి కుదరదు. హల్లు సరైంది, గుణింతం తప్పు అయితే ఏ రంగు చూపిస్తారు? ఒత్తు మాత్రమే తప్పితే? ఈ నియమం తేలిగ్గా అర్థమయ్యేలా లేకపోతే రెండో రోజు ఎవరూ రారు, రోజుకొక్కటి అన్న ఊరింపు ఎంత బాగున్నా సరే.

మరి రెండిట్లో ఏది? పని వల్ల యూజరుకి క్రమంగా ఏదో ఒనగూరుతుంటే, నైపుణ్యమో ఆరోగ్యమో, స్ట్రీక్ వైపు వెళ్ళండి. ఇచ్చేది చిన్న సరదా అయితే రోజుకొక్కటే ఇచ్చి ఆపండి. స్ట్రీక్‌లో బరువు యూజరు మీద పడుతుంది. రోజుకొక్కటి పద్ధతిలో బరువు మీ మీద పడుతుంది, ఎందుకంటే పండగైనా సెలవైనా రేపటిది సిద్ధంగా ఉండాలి. చిన్న టీమ్ అయితే ఈ రెండో సంగతి తక్కువగా అంచనా వేయకండి. మూడు నెలల సరుకు చేతిలో లేకుండా మొదలుపెట్టకపోవడం మేలు.

గీకే కార్డులు, కాయిన్లు, బహుమతులు

గూగుల్ 2017 సెప్టెంబరులో తేజ్ పేరుతో మన దేశంలో చెల్లింపుల యాప్ తెచ్చినప్పుడు స్క్రాచ్ కార్డులు ఇచ్చింది. 2019 దీపావళికి, అప్పటికి గూగుల్ పే అయ్యాక, ఐదు స్టాంపులు పోగేస్తే 251 రూపాయలన్నారు. రంగోలీ స్టాంప్ ఓ పట్టాన దొరికేది కాదు. "రంగోలీ ఉంటే పంపు" అంటూ దూరపు చుట్టాలకి కూడా మెసేజీలు పెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎప్పుడు ఎంత వస్తుందో తెలియని బహుమతి, ఖాయంగా వచ్చేదానికంటే గట్టిగా పట్టి ఉంచుతుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలతో ఎప్పుడో చూపించాడు. ఆ సూత్రమే ఇది.

అయితే ఆ తర్వాత జరిగింది గమనించాలి. డబ్బులు వచ్చే కార్డులు పలచబడ్డాయి, వాటి స్థానంలో ఎవరికీ అక్కర్లేని కూపన్లు వచ్చాయి. జనం యూపీఐ మానేశారా? లేదు. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు నెలకి 2,000 కోట్లు దాటాయి. మనిషిని నిలబెట్టింది గీకే కార్డు కాదు. టీ బండి మీద క్యూఆర్ కోడ్, చిల్లర వెతుక్కునే బాధ తప్పడం, డబ్బు పడిందని పైకి చెప్పే స్పీకరు. దుకాణదారుడి కోసం చేసిన ఆ స్పీకరు ఈ రంగంలో అన్నిటికంటే తెలివైన డిజైన్ అని నా నమ్మకం. బేరం మధ్యలో ఫోన్ తీసి చూసుకునే పని తప్పించింది. ఫోన్‌పే అయితే 2024లో దానికి మహేష్‌బాబు గొంతు కూడా పెట్టింది. గొంతు ఎవరిదైనా, దుకాణంవాడికి కావలసింది ఆ ఒక్క వాక్యం.

కాబట్టి బహుమతులని పరిచయం చేయడానికి వాడండి, నిలబెట్టడానికి కాదు. మొదటి మూడు నాలుగు సార్లు చేయి తిరిగేదాకా ఇచ్చి ఆపేయొచ్చు. ఆపేసిన నెలలో వాడకం ఎంత పడుతుందో చూస్తే మీ యాప్‌లో అసలు సత్తా ఎంతో తెలిసిపోతుంది. ఆ పరీక్షకి భయపడి బహుమతులు ఆపని కంపెనీ నిజానికి యూజర్లని అద్దెకి తెచ్చుకుంటోంది.

బహుమతి సరదా ముదిరి, యూజరు తన డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటగా మారితే అది డిజైన్ ప్రశ్నే కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి ఆటలని నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

అన్నీ ఒకేసారా, భాగాలుగానా?

కథలు, వీడియోలు, ఆడియో, పాఠాలు ఇచ్చేవాళ్ళకి ఈ ఎంపిక వస్తుంది. తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు. వారపత్రికల్లో సీరియల్ మంచి పట్టులో ఉండగా "సశేషం" అని వేసేవాళ్ళు, వచ్చే వారం పత్రిక కొట్లోకి రాకముందే జనం వచ్చి అడిగేవాళ్ళు. ఆ కొక్కెం ఇవాళ ప్రతిలిపి అనే కథల యాప్‌లో తెలుగు ధారావాహికలు రాసేవాళ్ళందరికీ తెలుసు. ఇటు నెట్‌ఫ్లిక్స్ 2013 నుంచి తన సిరీస్‌లని సీజన్ మొత్తం ఒక్క రోజే వదిలే పద్ధతి పట్టింది.

ఒకేసారి వదిలితే మొదటి వారాంతం హోరెత్తుతుంది, తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ రప్పించాలంటే మళ్ళీ కొత్తది కావాలి. గిడ్డంగిలో వందల టైటిల్స్ ఉన్నవాళ్ళకి అది సరిపోతుంది. పది కథలున్న చిన్న యాప్‌కి సరిపోదు. శుక్రవారం మొదలుపెట్టి ఆదివారానికి అన్నీ అవగొట్టి వెళ్ళిపోతారు. చిన్నవాళ్ళు భాగాలుగా ఇవ్వడమే మంచిది. కాకపోతే ఒక షరతు: వారం, వేళ మారకూడదు. గురువారం సాయంత్రం ఏడుకి అంటే ఏడుకే. రెండు వారాలు ఆలస్యమైతే పాఠకుడి అలవాటు తెగిపోతుంది, దాన్ని ఏ నోటిఫికేషనూ అతకలేదు.

పాఠాలకి మాత్రం ఇది తిరగబడుతుంది. పోటీ పరీక్షకి చదివేవాడికి రేపటిదాకా ఆగు అని తాళం వేస్తే పక్క యాప్‌కి వెళ్ళిపోతాడు. అతని లయ పరీక్ష తేదీ నిర్ణయిస్తుంది, మీరు కాదు.

సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. యూజరు మర్చిపోతాడు, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది అన్న ఆశ మన దగ్గర అంతగా చెల్లదు. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలు ఉండగానే ఖాతాదారుడికి కబురు వెళ్ళాలి. అంటే మీ యాప్‌ని ఎన్నాళ్ళుగా తెరవలేదో అతనికి బ్యాంకే గుర్తు చేస్తుంది. ఆ మెసేజీ చూసిన క్షణంలో గత నెల మీరిచ్చినది ఒక్కటైనా గుర్తుకు రావాలి.

దాచుకున్నది ఉంటే మనిషి వస్తాడు

ఈ జాబితాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. చూడటానికి ఆకర్షణ ఉండదు, ఫలితానికి టైమ్ పడుతుంది, కాబట్టి మీటింగుల్లో ఎవరూ దీని పేరెత్తరు.

ఖాతాబుక్ లాంటి పద్దు యాప్‌లు చూడండి. కిరాణా కొట్టాయన అరువు లెక్కలు అందులోకి ఎక్కించాక రోజూ ఎందుకు తెరుస్తాడు? స్ట్రీక్ కోసం కాదు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో అందులోనే ఉంది కాబట్టి. ప్రతి పద్దుతో యాప్ విలువ ఆయనకి ఇంకాస్త పెరుగుతుంది. డిజిలాకర్‌లో సర్టిఫికెట్లు పెట్టుకున్నవాళ్ళు ఆరు నెలలకోసారి వచ్చినా తప్పకుండా అక్కడికే వస్తారు. బస్సు టికెట్ల యాప్‌కి ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషికి కూడా ఇది పనిచేస్తుంది: హైదరాబాద్ నుంచి రాజమండ్రి, అమ్మానాన్నల పేర్లు, వయసులు, కింది బెర్తు కావాలన్న సంగతి నిరుడే చెప్పాడు. మళ్ళీ అడగకపోతే చాలు, సంక్రాంతి సీట్లు నిమిషాల్లో అయిపోయే రోజున ఆ మనిషి ఇంకెక్కడికీ పోడు.

దీంట్లో కష్టమంతా మొదటి వారంలో ఉంటుంది. నలభై మంది ఖాతాదారుల బాకీలు పాత నోటుబుక్కులోంచి ఎక్కించాలంటే కొట్లో రద్దీ మధ్య ఎవరికి ఓపిక? అందువల్ల నోటిఫికేషన్ల మీద పెట్టే శ్రమ తీసుకెళ్ళి ఇక్కడ పెట్టండి. ఫోన్‌లో ఉన్న పేర్లు నేరుగా రావాలి, అంకె కొట్టగానే పద్దు పడాలి, తెలుగులో చెప్తే రాసుకోవాలి. మొదటి రోజే అన్నీ ఎక్కించమని అడగొద్దు. ఇవాళ అరువు తీసుకున్న ముగ్గురితో మొదలుపెట్టించండి.

రెండో సంగతి నమ్మకం. ఫోన్ పోతే నా లెక్కలేమవుతాయి అన్నది కొట్టాయన మొదటి ప్రశ్న. బ్యాకప్ ఉందని కళ్ళకి కనిపించాలి. లెక్కలన్నీ పీడీఎఫ్‌గా దించుకునే వీలూ ఉండాలి. బయటికి దారి చూపిస్తే వెళ్ళిపోతారని కొందరు దాన్ని దాచేస్తారు. అప్పుడు కొట్టాయన ఏం చేస్తాడంటే, పక్కన నోటుబుక్కు కూడా నడుపుతాడు. రెండు చోట్ల రాయడం ఎన్నాళ్ళో సాగదు, మానేసేది మీ యాప్‌నే.

తోటివాళ్ళ కోసం రావడం

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చిన్న టీమ్‌లు అరుదుగా నెగ్గుకొస్తాయి. గ్రూపు ఖాళీగా ఉంటే అది లేకపోవడం కంటే అన్యాయంగా కనిపిస్తుంది. ముందే ఒకరికొకరు తెలిసిన జనం ఉంటే, ఒక కాలేజీ బ్యాచ్, ఒక అపార్ట్‌మెంట్, ఒక రన్నింగ్ క్లబ్, అప్పుడు పెట్టండి. పిల్లల కోసం చేసేవాళ్ళు మాత్రం జాగ్రత్త. స్నాప్‌చాట్ స్ట్రీక్ ఇద్దరు స్నేహితుల మధ్య నడుస్తుంది. ఒకరు మానేస్తే ఇద్దరిదీ పోతుంది కాబట్టి పిల్లలు ఊరెళ్ళేటప్పుడు పాస్‌వర్డ్ స్నేహితులకి అప్పగించి మరీ నిలబెట్టుకునేవాళ్ళు. పైగా 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళ విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది, వాళ్ళ ప్రవర్తనని కనిపెట్టి చూడటం కుదరదంది.

గుర్తు చేయడం: పుష్, వాట్సాప్, ఎస్సెమ్మెస్

పద్ధతి ఏదైనా గుర్తు చేయాల్సిన సందర్భం వస్తుంది. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

యాప్ నేరుగా ఫోన్ తెర మీదకి పంపే పుష్ నోటిఫికేషన్‌కి ఖర్చు లేదు, అందుకే విచ్చలవిడిగా వాడతారు. కానీ 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి అనుమతి అడగకుండా పంపలేరు. రెండుసార్లు వద్దంటే ఆ ప్రశ్న మళ్ళీ అడిగే వీలే ఉండదు; యూజరు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తానే ఆన్ చేయాలి, ఎవరూ చేయరు. యాప్ తెరిచిన మొదటి క్షణంలోనే ఆ ప్రశ్న అడిగేవాళ్ళు రెండు అవకాశాల్లో ఒకటి ఊరికే పారేసుకుంటున్నారు. బిల్లు కట్టడం పూర్తయ్యాక "వచ్చే నెల బిల్లు రాగానే చెప్పమంటారా?" అని అడిగి చూడండి. అప్పుడు ఎందుకు అడుగుతున్నారో తెలుస్తుంది.

ఇంకో పనికొచ్చే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో 2017 నుంచీ ఉంది: నోటిఫికేషన్లని రకాలవారీగా విడదీసి, ఏ రకానికి ఆ రకం ఆపుకునే వీలు. గడువు తేదీలు ఒక రకం, ఆఫర్లు ఇంకో రకం. అన్నీ ఒకటే గుంపులో పడేస్తే, పండగ ఆఫర్ చూసి విసిగినవాడు గడువు తేదీ కబురు కూడా ఆపేస్తాడు. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లని ఆపేస్తాయి కాబట్టి పంపినవన్నీ చేరతాయనీ అనుకోకండి. డబ్బుకి, మందులకి సంబంధించిన కబురైతే పుష్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఏం రాయాలి అన్నదాని మీద డ్యువోలింగో పరిశోధకులు 2020లో ఒక పద్ధతి ప్రచురించారు. ఒక వాక్యం ఎంత బాగా పనిచేసినా, యూజరు దాన్ని ఈమధ్యే చూసి ఉంటే దాని విలువ తగ్గిందని లెక్కగట్టి, కొన్నాళ్ళు పక్కన పెట్టి మళ్ళీ తీయడం. దాంతో రోజువారీ యూజర్లు 0.5 శాతం, కొత్తవాళ్ళు నిలబడటం 2 శాతం పెరిగాయట. అంకెలు చిన్నవే అనిపిస్తాయి. అంత పెద్ద యాప్‌లో, అన్ని రకాల వాక్యాలతో, అంత లెక్కగట్టి పంపితే వచ్చిన లాభం అది. నోటిఫికేషన్‌లో మాట మార్చి రిటెన్షన్ (వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ రావడం) రెట్టింపు చేస్తామనేవాళ్ళని చూసి ఈ అంకె గుర్తు చేసుకోండి.

వాట్సాప్ అందరూ చూస్తారు, అదే దాని బలం, అదే ప్రమాదం కూడా. వ్యాపారాలు పంపే సందేశాలకి రకాన్ని బట్టి డబ్బు కట్టాలి. ప్రచారానికి ఎక్కువ, లావాదేవీ కబుర్లకి తక్కువ. యూజరు తానుగా మెసేజీ పెడితే ఆ తర్వాత 24 గంటలు మీరు స్వేచ్ఛగా జవాబివ్వొచ్చు. కాబట్టి యూజరే మొదట పలకరించేలా పనిని మలచుకుంటే చవక, మర్యాద కూడా. అమ్మ మెసేజీకీ ఆఫీసు మెసేజీకీ మధ్యలో మీ ఆఫర్ కనిపిస్తే బ్లాక్ చేయడానికి రెండు తట్లు చాలు. బ్లాకులు పెరిగితే మీ నంబరు రేటింగ్ పడిపోతుంది.

ఎస్సెమ్మెస్ ముసలిదైపోయిందంటారు గానీ బటన్ ఫోన్‌కి చేరేది అదొక్కటే. పంపే పేరూ, వాక్యం నమూనా ముందే డీఎల్‌టీలో (వ్యాపార సందేశాల కోసం టెలికం కంపెనీలు నడిపే నమోదు వేదిక) నమోదు చేయించుకోవాలి. తెలుగులో పంపేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది: ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే. అందులోనూ గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. "శ్రీ" ఒక్కటే నాలుగు. అందుకే చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో పంపేస్తారు, పెద్దవాళ్ళు చదవలేక వదిలేస్తారు. చిన్నగా రాస్తే తెలుగులోనే కుదురుతుంది. "కరెంటు బిల్లు రూ.640. గడువు 14వ తేదీ." ఇది నలభై లోపే. ప్రియమైన వినియోగదారుడా అన్న సంబోధన తీసేస్తే సగం సమస్య తీరిపోతుంది.

నా వరస ఇది: డబ్బు, గడువు, అపాయింట్‌మెంట్ అయితే ఎస్సెమ్మెస్ లేదా వాట్సాప్. యూజరు తానే కోరిన అలవాటు అయితే పుష్. ఆఫర్లయితే, నిజం చెప్పాలంటే, యాప్ లోపల పెట్టి ఊరుకోండి.

అసలు యాప్ అక్కర్లేదేమో

ఏడాదికోసారి పని ఉన్నదానికి యాప్ దించుకోమనడమే అత్యాశ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలని వాట్సాప్‌లోకే తెచ్చింది. ఇంటర్ హాల్ టికెట్లు కూడా అందులోనే దించుకున్నారు. హాల్ టికెట్ ఏడాదికోసారి, కుల ధ్రువీకరణ పత్రం ఎప్పుడో ఓసారి. ఈ పనులకి రిటెన్షన్ అన్న లెక్కే వర్తించదు. నంబరు గుర్తుంటే చాలు. మీ ఉత్పత్తి ఇలాంటిదైతే స్ట్రీక్ల గురించి చర్చించే సమయం మిగిలినట్టే.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

అందరూ మొదటి రోజు, ఏడో రోజు, ముప్ఫయ్యో రోజు ఎంతమంది మిగిలారని చూస్తారు. నెలవారీ బిల్లు యాప్‌కి ఏడో రోజు అంకె అర్థం లేనిది. అక్కడ చూడాల్సింది, ఈ నెల కట్టినవాళ్ళలో వచ్చే నెల ఎంతమంది కట్టారు అని. పండగ టికెట్లకి నిరుటి సంక్రాంతికీ ఈ సంక్రాంతికీ పోల్చాలి. అవసరం లయనే కొలబద్దగా పెట్టుకోకపోతే బాగా నడుస్తున్న యాప్ కూడా చచ్చినట్టు కనిపిస్తుంది, ఆ కంగారులో చెడగొడతారు.

వచ్చినవాళ్ళు ఎంతసేపు ఉన్నారన్నది ఇంకో మోసపు అంకె. ఎంత జరిపినా తరగని స్క్రోల్‌ని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత దాని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. అది మనిషిని ఉంచుతుంది. రేపు సంతోషంగా రప్పిస్తుందా అన్నది వేరే. వర్డిల్ మూడు నిమిషాలు తీసుకుని వదిలేసింది.

ఒక పరీక్ష మాత్రం తప్పకుండా చేయండి. యూజర్లలో పదో వంతుకి నోటిఫికేషన్లు నెల రోజులు పూర్తిగా ఆపి చూడండి. వాళ్ళూ మిగతావాళ్ళలాగే వస్తుంటే మీరు పంపుతున్నదంతా గోలే. బాగా తగ్గితే, వాళ్ళని తీసుకొస్తున్నది అవసరమా మీ అరుపా అని ఆలోచించండి.

వెళ్ళిపోయేవాళ్ళని పట్టుకుని ఆపే ఎత్తుగడలు కూడా పద్ధతులుగానే చలామణి అవుతుంటాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపు డిజైన్లని జాబితా చేసింది. రద్దు బటన్ దాచడం, "వద్దు, నాకు పొదుపు అక్కర్లేదు" అని యూజరు చేతే అనిపించి సిగ్గుపడేలా చేయడం, పదేపదే అదే అడిగి వేధించడం అందులో ఉన్నాయి. ఇవి పెడదామని ఎవరైనా అంటే ఆ జాబితా ముందు పెట్టండి, వాదన అక్కడితో ముగుస్తుంది.

కొన్ని సందర్భాలు, నా ఎంపిక

అమెరికాలో పిల్లలకి తెలుగు నేర్పే యాప్. అక్కడి పిల్లలు సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతులకి వెళ్ళేది వారానికోసారి. రోజువారీ స్ట్రీక్ బడి, ఆటలు, హోంవర్కుల మధ్య రెండు వారాల్లో తెగుతుంది. వారం స్ట్రీక్ పెట్టండి, వారంలో ఏ రెండు రోజులైనా సరే. గుర్తు చేయాల్సింది పిల్లవాడికి కాదు, వాళ్ళమ్మకి. అదీ తరగతికి ముందు రోజు. పాఠం చివర తాతయ్యకి వినిపించడానికి ఒక చిన్న రికార్డింగు ఉంటే, మళ్ళీ రమ్మని గుర్తు చేసే పని హైదరాబాదు నుంచి ఆయనే చేస్తాడు.

బీపీ మాత్రలు గుర్తు చేసే యాప్. అవసరం రోజూ ఉంది, కానీ స్ట్రీక్ వద్దు. మాత్ర మర్చిపోయిన పెద్దాయనకి సున్నా చూపించి సాధించేదేమిటి? వేళకి ఒక మోత, వేసుకున్నానని ఒక నొక్కు, మాత్రలు అయిపోవచ్చే వారంలో కొడుక్కో కూతురికో ఒక మెసేజీ.

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నెలకోసారి పని. వాట్సాప్‌లో బిల్లు, కట్టాక రసీదు, పాత రసీదులన్నీ ఒకచోట. అక్కడ చర్చావేదిక పెడితే పార్కింగ్ గొడవలతో నిండిపోతుంది.

తెలుగు ఆడియో కథలు వారానికో భాగం, తిరుగులేని వేళకి. మొదటి మూడు భాగాలు మాత్రం ఒకేసారి ఇవ్వండి. ఒక్క భాగంతో ఎవరూ పాత్రలకి అలవాటు పడరు.

చివరిగా పెళ్ళి సంబంధాలు, అద్దె ఇళ్ళు, ఉద్యోగాలు. వీటిలో పని బాగా జరిగితే యూజరు వెళ్ళిపోతాడు. రిటెన్షన్ అంకె బాగుందంటే సంబంధాలు కుదరడం లేదని అర్థం. ఇలాంటి యాప్‌లో స్ట్రీకూ, రోజువారీ కాయిన్లూ పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం. సంబంధం కుదిరిందని చెప్పి ప్రొఫైల్ తీసేసే బటన్ మొదటి స్క్రీన్‌లోనే పెట్టండి, ఒక్క నొక్కులో పోవాలి, ఆ తర్వాత ఒక్క మెసేజీ కూడా వెళ్ళకూడదు. రెండేళ్ళ తర్వాత చెల్లెలికి సంబంధాలు చూడాల్సి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఏ యాప్ పేరు చెప్పుకుంటారన్నదే మీరు లెక్కపెట్టాల్సిన అంకె.